నారింజ దీపం నేర్పిన పాఠం
డిస్కుల కూర్పు ఎంపికలో మా అనుభవం

ప్రతి నెలా చివరి పనిదినాన జీతం బ్యాంకు ఖాతాలో జమ కావడం మనకు ఎంతగా అలవాటైపోయినదంటే, అది ఏ దారిన వచ్చి చేరుతున్నదో ఆలోచించవలసిన అవసరమే కలగదు. మస్టరు హాజరు, సెలవులు, ఓవర్‌టైము, రాత్రి షిఫ్టు భత్యం, సహకార పరపతి సంఘం వాయిదా, క్యాంటీను కోత, భవిష్యనిధి చందా, ఇవన్నీ ఎక్కడో ఒకచోట భద్రంగా నమోదై ఉంటేనే ఆ అంకె సరిగా వస్తుంది. ఆ చోటు మన పరిపాలనా భవనంలో, ఎప్పుడూ చల్లగా ఉండే ఒక చిన్న గది. అందులో ఇనుప బీరువావంటి చట్రంలో వరుసగా అమర్చిన కొన్ని డిస్కులు. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేటంత పెట్టె. మన ఉద్యోగ జీవితపు లెక్కలన్నీ వాటిలోనే ఉన్నాయి.

కొన్నేళ్ళ క్రితం ఒక ఫిబ్రవరి నెలలో ఆ డిస్కులు కంప్యూటర్ విభాగంవారమైన మమ్మల్ని నాలుగు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆ సంఘటన తరువాత కొత్త డిస్కుల వ్యవస్థను ఎలా కూర్చుకోవాలన్న ప్రశ్న మా ముందుకు వచ్చింది. ఆ ప్రశ్నకు మేము వెదుక్కున్న సమాధానాన్ని, అందులో మేము చేసిన పొరపాట్లతో సహా, పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. విషయం సాంకేతికమే అయినా, పద్దు పుస్తకం చూసినవారెవరికైనా అర్థమయ్యే రీతిలో చెప్పడానికి ప్రయత్నించాం. ఇంట్లో కంప్యూటర్‌లో ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు దాచుకునే కుటుంబాలవారికి కూడా ఇందులో పనికివచ్చే సంగతులున్నాయి.

ఆ ఫిబ్రవరి

ఆనాటి మా సర్వర్‌లో ఆరు డిస్కులు 'రైడ్-5' అనే పద్ధతిలో అమర్చి ఉండేవి. రైడ్ అంటే అనేక డిస్కులను కలిపి ఒక్క డిస్కువలె వాడుకుంటూ, వాటిలో ఒకటి చెడిపోయినా సమాచారం నిలిచి ఉండేటట్లు కూర్చే విధానం. ఒక డిస్కు పోయినా పని ఆగదు. దానిని తీసి కొత్తది పెడితే, పోయిన డిస్కులోని సమాచారాన్ని మిగిలినవాటి ఆధారంగా యంత్రమే తిరిగి నిర్మించుకుంటుంది. ఈ ధీమాతోనే మేము ఏళ్ళు గడిపాం.

ఫిబ్రవరి 23వ తేదీ ఉదయం మా సహోద్యోగి ఒకరు వేరే పనిమీద ఆ గదిలోకి వెళ్ళి, చట్రం తలుపు తెరిచారు. మూడవ డిస్కు మీద ఆకుపచ్చ దీపానికి బదులు నారింజ రంగు దీపం వెలుగుతున్నది. యంత్రంలోని చిట్టా తీసి చూస్తే, ఆ డిస్కు చెడిపోయి అప్పటికి 19 రోజులైనదని తెలిసింది. చెడిన రోజున యంత్రం గంట మోగించే ఉంటుంది. కాని ఆ గంట మాటిమాటికీ అనవసరంగా మోగి విసిగిస్తున్నదని అంతకు ముందే మాలో ఒకరు దానిని ఆపివేసి ఉన్నారు. అంటే 19 రోజులపాటు సంస్థ లెక్కలన్నీ ఏ రక్షణా లేకుండా నడిచాయి. ఆ సంగతి మాకే తెలియదు.

మధ్యాహ్నానికి ఇంజనీరును పిలిపించి కొత్త డిస్కు పెట్టించాం. నాలుగు గంటలకు పునర్నిర్మాణం మొదలైంది. ఇక భయం లేదనుకున్నాం. రాత్రి 11 గంటలు దాటిన తరువాత అయిదవ డిస్కు ఆగిపోయింది. రైడ్-5 ఒక్క నష్టాన్నే భరించగలదు, రెండవదానిని భరించలేదు. ఆరు డిస్కులలోని సమాచారం మొత్తం ఒక్కసారిగా చేజారింది. మరునాడు చెడిన రెండు డిస్కుల మీది ముద్రలు పోల్చి చూస్తే, రెండూ ఒకే నెలలో ఒకే తయారీ వరుసలో వచ్చినవి.

టేపు నకలు ఉన్నది గదా అన్న ధైర్యంతో బీరువా తెరిచాం. గత శనివారం టేపు ఖాళీగా ఉన్నది. ఆ రాత్రి నకలు పని మధ్యలోనే ఆగిపోయినదని చిట్టాలో స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఆ చిట్టాను ఎవరూ చదవలేదు. అంతకు ముందు శనివారం టేపు మాత్రం పనిచేసింది. అంటే ఆ శనివారం తరువాత నమోదైన వివరాలన్నీ తిరిగి ఎక్కించాలి. నెలాఖరుకు అయిదు రోజుల గడువున్నది. ఆ నెలాఖరున పదవీ విరమణ చేయవలసినవారి తుది లెక్కలు కూడా వాటిలోనే ఉన్నాయి.

మమ్మల్ని ఆనాడు గట్టెక్కించినది ఏ యంత్రమూ కాదు. టైమాఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. హాజరు, ఓవర్‌టైము, సెలవుల వివరాలను కంప్యూటర్‌లో ఎక్కించిన తరువాత కూడా తన పాత పద్ధతిలో పొడవాటి రిజిస్టరులో చేతితో వ్రాసుకునేవారు. "అంతా కంప్యూటర్‌లో ఉన్నది గదండీ, ఇంకా ఈ రిజిస్టరు ఎందుకు?" అని మేమే ఆయనను ఎన్నోసార్లు అడిగాం. "మిషను చెప్పిందంటే నమ్ముతాను బాబూ. మిషను పలకని రోజున ఎవరిని అడగాలి?" అని నవ్వి ఊరుకునేవారు. ఆ రిజిస్టరును మోసుకుని ఆయనే మా గదికి వచ్చారు. నాలుగు రాత్రులు ఆయన చదువుతుంటే మేము ఎక్కించాం. ఇతర విభాగాలవారు కూడా ముగ్గురు నలుగురు వచ్చి కూర్చున్నారు. ఆ నెలాఖరున రిటైరు కావలసినవారిలో ఆయన కూడా ఒకరు. తన లెక్క మాత్రం అందరికంటె ఆఖరున చూసుకున్నారు.

జీతాలు ఒక రోజు ఆలస్యంగా అందాయి. ఇంటి అప్పు వాయిదా ఆ రోజునే చెల్లించవలసినవారికి ఇబ్బంది కలిగింది. వారి కోపం న్యాయమైనదే.

ఈ విధానం ఎక్కడ పుట్టినది

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్లు, మేము ఆ తరువాతే ఈ విషయాన్ని మూలం నుంచి చదవడం మొదలుపెట్టాం. 1956లో ఐబీఎం సంస్థ తయారుచేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వెడల్పు గల పళ్ళేలు 50 ఉండేవి. బీరువాలంత పెద్దదైన ఆ యంత్రం 50 లక్షల అక్షరాలు మాత్రమే దాచగలిగేది. తరువాత మూడు దశాబ్దాలలో పెద్ద కంప్యూటర్లకు పెద్ద ఖరీదైన డిస్కులు, వ్యక్తిగత కంప్యూటర్లకు చిన్న చవక డిస్కులు వేరువేరుగా పెరిగాయి.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక ప్రశ్న వేసుకున్నారు. ఒక్క పెద్ద డిస్కుకు బదులు అనేక చవక డిస్కులను కలిపి వాడితే ఎలా ఉంటుంది? వేగం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. కాని ఒక చిక్కున్నది. ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందనుకుంటే, అటువంటివి 100 కలిపినప్పుడు వాటిలో ఏదో ఒకటి సగటున 300 గంటలకే, అంటే రెండు వారాల లోపే, చెడిపోతుంది. కనుక అదనపు డిస్కులు చేర్చి, నష్టాన్ని పూడ్చుకునే ఏర్పాటు ఉంటే తప్ప ఆ ఆలోచన నిలవదు. 1988లో వారు ప్రచురించిన పత్రం ఈ ఏర్పాట్లను 1 నుంచి 5 వరకు అంచెలుగా వర్ణించింది. రైడ్ అన్న పేరు అప్పటిదే. అందులో 'చవక' అన్న అర్థమిచ్చే మాటను వ్యాపార సంస్థలు తరువాత 'స్వతంత్ర' అన్న అర్థానికి మార్చాయి. వాటిలో 2, 3, 4 అంచెలు నేడు దాదాపు వాడుకలో లేవు. 0, 6, 10 అన్న పేర్లు తరువాత చేరాయి.

పద్దు పుస్తకంలో చూస్తే

ఈ పద్ధతుల మధ్య తేడాను మేము మా విభాగంలోని కొత్తవారికి పద్దు పుస్తకం ద్వారా చెబుతాం.

నలుగురు గుమాస్తాలున్నారనుకుందాం. ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి నలుగురూ తలా కొంత వ్రాసుకుంటే పని నాలుగు రెట్లు వేగంగా సాగుతుంది. ఇది రైడ్-0. కాని ఒక్కరి పుస్తకం పోతే లెక్క మొత్తం పనికిరాకుండా పోతుంది. పేరులో రైడ్ ఉన్నా ఇందులో రక్షణ ఏమీ లేదు. పోయినా బాధలేని తాత్కాలిక పనికి తప్ప దీనిని వాడరాదు.

ఒకరు వ్రాసినదానిని కార్బన్ కాగితంతో మరొకరి పుస్తకంలోకి అలాగే దించితే అది రైడ్-1. ఒక పుస్తకం పోయినా రెండవది ఉన్నది. లెక్క సులువు, ఖర్చు రెట్టింపు. ఇటువంటి జంటలు కొన్నింటిని తయారుచేసి, ఆ జంటల మధ్య పనిని పంచితే రైడ్-10 అవుతుంది. అందులో రైడ్-1 భద్రత, రైడ్-0 వేగం రెండూ కలుస్తాయి.

రైడ్-5 లో నకలు ఉండదు, మొత్తం ఉంటుంది. నలుగురు గుమాస్తాలు 12, 7, 15, 6 అని వ్రాశారు. అయిదవ పుస్తకంలో వాటి మొత్తం 40 అని వ్రాశారు. మూడవ పుస్తకం మీద సిరా ఒలికిపోయింది. 40 నుంచి 12, 7, 6 తీసివేస్తే 15 తిరిగి వస్తుంది. ఇంతే రహస్యం. యంత్రం కూడికకు బదులు సరి, బేసి చూసే ఒక సులువైన లెక్క వాడుతుంది. మొత్తాన్ని ఒకే పుస్తకంలో కాక వంతులవారీగా అన్ని పుస్తకాలలోనూ వ్రాస్తుంది. అయిదు పుస్తకాలలో ఒక్కదాని చోటు మాత్రమే రక్షణకు పోతుంది కనుక ఇది పొదుపైన పద్ధతి.

కాని ఇందులో ఒక శ్రమ ఉన్నది. ఒక గుమాస్తా తన 7 ను 9 గా మార్చాలంటే మొత్తం కూడా మారాలి. పాత అంకె చదవాలి, పాత మొత్తం చదవాలి, కొత్త అంకె వ్రాయాలి, కొత్త మొత్తం వ్రాయాలి. ఒక్క చిన్న మార్పుకు నాలుగు పనులు. రైడ్-10 లో రెండు పుస్తకాలలో వ్రాస్తే సరిపోతుంది. జీతాల లెక్కవలె రోజంతా చిన్నచిన్న మార్పులు జరిగే చోట ఈ తేడా బాగా తెలుస్తుంది. నిండా చదవడమే ఉండే చోట అంతగా తెలియదు.

రైడ్-6 లో రెండు మొత్తాలుంటాయి. రెండవది వేరే రకం మొత్తం. మొదటి అంకెను 1 తో, రెండవదానిని 2 తో, మూడవదానిని 3 తో, నాలుగవదానిని 4 తో హెచ్చవేసి కూడామనుకుందాం. 12, 14, 45, 24 కలిపి 95. ఇప్పుడు రెండవ, మూడవ పుస్తకాలు రెండూ ఒకేసారి పోయినా భయం లేదు. మొదటి మొత్తం ప్రకారం పోయిన రెండు అంకెలు కలిపి 22. రెండవ మొత్తం ప్రకారం ఒకదాని రెట్టింపు, మరొకదాని మూడు రెట్లు కలిపి 59. హైస్కూలు చదువుతున్న మన పిల్లలు ఈ రెండు సమీకరణాలను సాధించి 7, 15 అని చెప్పగలరు. తల్లిదండ్రులు ఈ రాత్రి అడిగి చూడవచ్చు. నిజమైన యంత్రంలో ఈ హెచ్చవేత మామూలు అంకెలతో కాక, 1832లో 20 ఏళ్ళకే మరణించిన ఫ్రెంచి గణితవేత్త గాల్వా పేరుమీద ఉన్న పరిమిత సంఖ్యల గణితంతో జరుగుతుంది. ఇందులో చిన్న మార్పుకు నాలుగు కాదు, ఆరు పనులు.

ఇక చోటు లెక్క. 4 టెరాబైట్ల డిస్కులు 8 కొన్నామనుకుందాం. రైడ్-0 లో 32, రైడ్-5 లో 28, రైడ్-6 లో 24, రైడ్-10 లో 16 టెరాబైట్లు వాడుకకు వస్తాయి. ఈ నాలుగు అంకెలను మాత్రమే చూసి ఎంపిక చేసేవారు సాధారణంగా రైడ్-5 దగ్గర ఆగుతారు. మేము కూడా ఒకప్పుడు అక్కడే ఆగాం.

కాగితం మీద కనిపించని ప్రమాదం

ఒక డిస్కు పోయి, కొత్తది పెట్టి, పునర్నిర్మాణం పూర్తయ్యేవరకు గల సమయమే అసలైన గండం. 4 టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపినా ఏడు గంటలకు పైగా పడుతుంది. పగటిపూట అందరూ పనిచేస్తున్న సర్వర్‌లో ఇంకా ఎక్కువ. ఆ గంటలన్నీ మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరివరకు చదవాలి. 8 డిస్కుల రైడ్-5 లో 7 డిస్కులను, అంటే 28 టెరాబైట్లను, ఒక్క తప్పు లేకుండా చదవాలి. మామూలు డిస్కులకు తయారీదారులు చెప్పే హద్దు సుమారు 12.5 టెరాబైట్లు చదివినప్పుడు ఒక చదవలేని చోటు. మేలురకం డిస్కులకు ఇది పది రెట్లు మెరుగు. వాస్తవంలో డిస్కులు ఈ హద్దుకంటె మెరుగుగానే పనిచేయవచ్చు. అయినా ఆ అదృష్టం మీద జీతాల లెక్క నిలపడం మంచిది కాదు. రైడ్-10 లో అయితే చెడిన డిస్కుకు జంటగా ఉన్న ఒక్క డిస్కును చదివితే చాలు. రైడ్-6 లో అన్నిటినీ చదవాలి గాని, మధ్యలో ఒక చోటు చదవలేకపోయినా రెండవ మొత్తం ఆదుకుంటుంది.

డిస్కులు నిజంగా ఎంత తరచుగా చెడిపోతాయి? తయారీదారుల పత్రాలలో సగటు ఆయుర్దాయం 10 లక్షల గంటలు అని ఉంటుంది. ఆ లెక్కన ఏడాదికి నూటికి ఒకటి కూడా చెడరాదు. 2007లో బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల చిట్టాలు పరిశీలించారు. ఏడాదికి నూటికి 2 నుంచి 4 డిస్కులు మార్చవలసి రావడం సాధారణమనీ, కొన్నిచోట్ల అది 13 వరకు వెళ్ళినదనీ తేల్చారు. గార్త్ గిబ్సన్ రైడ్ పత్రం వ్రాసిన ముగ్గురిలో ఒకరన్న సంగతి పాఠకులు గమనించగలరు. అదే పరిశీలనలో మరొక ముఖ్య విషయం బయటపడింది. డిస్కుల చావులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరగడం లేదు. ఒకటి పోయిన తరువాత మరొకటి త్వరలోనే పోయే అవకాశం మామూలుకంటె ఎక్కువ.

ఇందులో వింత లేదు. ఒకే రోజున కొన్నవి, ఒకే వరుసలో తయారైనవి, ఒకే గదిలో ఒకే వేడిని, ఒకే భారాన్ని భరించినవి ఒకే కాలంలో ముసలివి అవుతాయి. తిరిగే పళ్ళేలు లేని కొత్తరకం డిస్కులకు కూడా ఇది వర్తిస్తుంది. 2019లో ఒక పెద్ద కంపెనీ తాను అమ్మిన అటువంటి కొన్ని డిస్కులు, లోపలి ప్రోగ్రాము దోషం వలన, సరిగ్గా 32,768 గంటలు నడిచిన తరువాత ఆగిపోతాయని ప్రకటించి, సవరణ విడుదల చేసింది. 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజున స్విచ్చి వేసిన డిస్కులన్నీ ఒకే గంటలో ఆగితే ఏ రైడ్ కాపాడగలదు?

మా ఎంపిక

కొత్త వ్యవస్థకు 16 డిస్కులు పట్టే చట్రం కొనాలని ప్రతిపాదించాం. ఒక్కొక్క డిస్కు 4 టెరాబైట్లు. కాని 16 డిస్కులనూ ఒకే పద్ధతిలో కూర్చలేదు. జీతాలు, భవిష్యనిధి, స్టోర్సు లెక్కలు ఉండే డేటాబేసుకు 6 డిస్కుల రైడ్-10, వాడుకకు 12 టెరాబైట్లు. ఇంజనీరింగు డ్రాయింగులు, స్కాను చేసిన ఫైళ్ళు, సంస్థ వేడుకల ఫొటోలకు 8 డిస్కుల రైడ్-6, వాడుకకు 24 టెరాబైట్లు. మిగిలిన రెండు డిస్కులు ఖాళీగా సిద్ధంగా ఉంటాయి. ఏ డిస్కు పోయినా మనిషి వచ్చేవరకు ఆగకుండా యంత్రమే వాటిలో ఒకదానిని తీసుకుని పునర్నిర్మాణం మొదలుపెడుతుంది.

ఫైలు ఆర్థిక విభాగానికి వెళ్ళింది. అక్కడి అధికారిణి మమ్మల్ని పిలిపించారు. "64 టెరాబైట్లకు డబ్బు చెల్లించి 36 మాత్రమే వాడుకుంటామంటున్నారు. ఆడిట్‌వారికి నేనేమని జవాబు చెప్పాలండీ?" అని అడిగారు.

"మేడమ్, మన అగ్నిమాపక కేంద్రంలో బండి ఏడాదంతా కదలకుండా నిలబడి ఉంటున్నది. దానిమీద ఆడిట్ అభ్యంతరం ఎన్నడూ రాలేదు గదా" అన్నాం.

ఆమె నవ్వారు గాని ఒప్పుకోలేదు. "అయితే రెండు పద్ధతులెందుకు? ఏది మంచిదో అదే అన్నిటికీ పెట్టండి" అన్నారు. ఇది సరైన ప్రశ్న. దీనికి మేము ఇచ్చిన జవాబే ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం.

ఏ పద్ధతీ అన్ని విధాలా మంచిది కాదు. రైడ్-6 ఏ రెండు డిస్కులు పోయినా నిలబడుతుంది. రైడ్-10 అలా కాదు. ఒకటి పోయిన తరువాత దాని జంట కూడా పోతే లెక్క ముగిసినట్లే. మిగిలిన అయిదింటిలో ఆ ఒక్కటి పోతేనే ప్రమాదమన్నది నిజమే గాని, ఆ ఒక్కటి పోదన్న హామీ లేదు. కనుక కేవలం భద్రత చూస్తే రైడ్-6 మెరుగు. కాని నెలాఖరున వేలమంది జీతాల లెక్క ఒక్క రాత్రిలో తేలాలి. చిన్నచిన్న వ్రాతలు లక్షలు. ఆ పనిని రైడ్-6 ఆలస్యం చేస్తుంది, రైడ్-10 తొందరగా ముగిస్తుంది. డిస్కు పోయినప్పుడు కోలుకోవడం కూడా రైడ్-10 లో త్వరగా, మిగిలిన డిస్కులకు శ్రమ కలగకుండా జరుగుతుంది. డేటాబేసు పరిమాణం తక్కువ కనుక సగం చోటు వదులుకోవడం పెద్ద ఖర్చు కాదు. పైగా దాని నకలు ప్రతి రాత్రీ తీయగలం.

డ్రాయింగుల సంగతి వేరు. ఒకసారి దాచితే ఏళ్ళ తరబడి చదవడమే. వ్రాతలో ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. పరిమాణం మాత్రం ఎక్కువ, ఏటేటా పెరుగుతుంది. అక్కడ సగం చోటు వదులుకోవడం వృథా. అందుకు రైడ్-6 తగినది. అంటే ఎంపిక డిస్కును చూసి చేయవలసినది కాదు. అందులో దాచే సమాచారం ఎలా వాడబడుతున్నది, పోతే ఎవరికి ఎంత నష్టం, ఎంతసేపట్లో తిరిగి కావాలి, ఈ మూడు అడిగి చేయవలసినది.

ఆమె కొంతసేపు ఆలోచించి ఇలా అన్నారు. "మంజూరు చేస్తాను. కాని పోయినసారి డిస్కులు తక్కువై కాదు గదా మనం దెబ్బతిన్నది. దీపం ఎవరూ చూడలేదు, టేపు ఎవరూ పరీక్షించలేదు. ఈ డబ్బుతో అవి రెండూ మారతాయా?" మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆమె నోటు ఫైలులో స్వయంగా ఒక షరతు వ్రాశారు. మూడు నెలలకొకసారి నకలు టేపు నుంచి లెక్కలను తిరిగి రాబట్టి చూసి, సరిపోయినవని ఇద్దరు సంతకం చేసిన పత్రం ఆర్థిక విభాగానికి అందాలి. ఈ వ్యవస్థ మొత్తంలో అత్యంత విలువైన భాగం ఆ ఒక్క వాక్యమేనని ఇప్పుడు అనుకుంటాం.

డిస్కులను కూడా ఒకే వరుసలోవి కాకుండా రెండు విడతలుగా తెప్పించాం. ప్రతి జంటలోనూ ఒక్కొక్క విడత నుంచి ఒక్కొక్కటి ఉండేటట్లు అమర్చాం. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు సగం వ్రాసిన లెక్క చెదిరిపోకుండా, నియంత్రక కార్డుకు బ్యాటరీ కూడా కోరాం. అంకె మారి మొత్తం మారకముందే కరెంటు పోతే, ఆ తరువాత ఏ డిస్కు పోయినా తప్పు జవాబు వస్తుంది. ఈ చిన్న బ్యాటరీ ఆ లోపాన్ని కాపాడుతుంది.

రైడ్ చేయలేనిది

రైడ్ ఉన్నది గనుక నకలు అక్కరలేదనుకోవడం మేము చూసిన పొరపాట్లలో అతి సాధారణమైనది. రైడ్ కాపాడేది డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే. ఎవరైనా పొరపాటున ఫైలు చెరిపితే, రైడ్-1 రెండవ డిస్కులో కూడా ఆ క్షణమే చెరిపివేస్తుంది. తప్పు లెక్క ఎక్కిస్తే ఆ తప్పునే రెండుచోట్ల భద్రపరుస్తుంది. 2017 మే నెలలో సుమారు 150 దేశాలలో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వంటి దాడి వచ్చినప్పుడు, ఏ రైడ్ అయినా ఆ తాళాన్ని శ్రద్ధగా అన్ని డిస్కులకూ వేస్తుంది.

ప్రకృతి సంగతి చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు, 2015 డిసెంబరులో చెన్నై నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు, ఒక గదిలో ఉన్న యంత్రానికి ఆ గదే రక్షణ కాదని అందరికీ తెలిసింది. పదహారు డిస్కులూ ఒకే గదిలో ఉంటే నీటికి అవి పదహారు కాదు, ఒకటే.

అందుకే అనుభవజ్ఞులు ఒక సులువైన సూత్రం చెబుతారు. సమాచారం మూడు చోట్ల ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. ఇప్పుడు మన లెక్కలు సర్వర్‌లో ఒకటి, టేపు మీద ఒకటి, మరొక యూనిట్‌లో ఒకటి ఉన్నాయి. టైమాఫీసు పెద్దాయన రిజిస్టరు ఈ సూత్రాన్ని మాకంటె ముందే పాటించింది. అది వేరే గదిలో, వేరే సాధనం మీద, వేరే చేతితో వ్రాసిన నకలు. డిస్కులో జరిగిన తప్పు దానిలోకి వెళ్ళే దారి లేదు.

ఇంటి మాట

క్వార్టర్సులో చాలా ఇళ్ళలో ఇప్పుడు రెండు డిస్కులు పట్టే చిన్న నిల్వ పెట్టెలు కనిపిస్తున్నాయి. పెళ్ళి వీడియోలు, పిల్లల ఫొటోలు, అమ్మానాన్నల పాత చిత్రాలు వాటిలో దాచుకుంటున్నారు. కొన్నవెంటనే వాటిని రైడ్-1 గా అమర్చుకోవడం మంచిది. అడగకుండానే రైడ్-0 గా అమర్చి ఇచ్చే పెట్టెలు కొన్ని ఉంటాయి కనుక చూసుకోవాలి. రెండు డిస్కులను వీలైతే వేరువేరు దుకాణాలలో కొనండి.

కాని అంతటితో నిశ్చింతగా ఉండవద్దు. మామూలు డిస్కు మరొకటి కొని, రెండు మూడు నెలలకొకసారి ఫొటోలన్నీ దానిలోకి నకలు తీసి, తీగ ఊడదీసి, అన్నయ్యగారి ఇంట్లోనో అత్తగారి ఊళ్ళోనో ఉంచండి. పండుగకు వెళ్ళినప్పుడు తెచ్చుకుని మళ్ళీ నింపి ఇవ్వవచ్చు. రెండింటిలో ఒక్కటే కొనగల స్థోమత ఉంటే, రైడ్ పెట్టె కంటె ఈ విడి నకలుకే మొదటి స్థానం ఇవ్వమని మా సలహా. రైడ్ పని ఆగకుండా చూస్తుంది. పోయినదానిని తిరిగి ఇచ్చేది నకలు. జీతాల సర్వర్ ఒక గంట ఆగితే నష్టమున్నది. పెళ్ళి ఫొటోలు ఒక రోజు ఆలస్యంగా కనిపిస్తే నష్టం లేదు, పూర్తిగా పోతేనే నష్టం.

ఏడాదికి ఒకసారైనా ఆ నకలు తెరిచి నాలుగు ఫొటోలు చూడండి. తెరిచి చూడని నకలు ఉన్నదో లేదో చెప్పలేం. మా ఖాళీ టేపు కూడా బీరువాలో ఉన్నంతసేపు నిండు టేపువలెనే కనిపించింది.

నేటి సంగతి

ఇప్పుడు మా గది తలుపు పక్కన ఒక మామూలు రిజిస్టరు వేలాడుతూ ఉంటుంది. ప్రతిరోజూ ఉదయం వంతు ప్రకారం ఒకరు లోపలికి వెళ్ళి, 16 దీపాలూ చూసి, గత రాత్రి నకలు చిట్టా చదివి, తేదీ వేసి సంతకం చేస్తారు. ఆపివేసిన గంటను మళ్ళీ మోగేటట్లు చేశాం. అనవసరంగా మోగడానికి కారణం ఒక చెడిన పంకా అని వెదికితే తెలిసింది. అది మార్చడానికి పట్టినది పది నిమిషాలు. మూడు నెలలకొకసారి ఇద్దరి సంతకాలతో పత్రం ఆర్థిక విభాగానికి వెళుతున్నది.

కొత్త వ్యవస్థ వచ్చిన తరువాత ఇప్పటికి రెండుసార్లు డిస్కులు చెడిపోయాయి. రెండవది నెలాఖరుకు మూడు రోజుల ముందు, జీతాల డేటాబేసులోనే పోయింది. ఉదయం సంతకం చేయడానికి వెళ్ళిన మా సహోద్యోగిని నారింజ దీపం చూశారు. అప్పటికే సిద్ధంగా ఉన్న డిస్కు పని అందుకున్నది. మధ్యాహ్నానికి మళ్ళీ జంట పూర్తయింది. ఆ నెల జీతం అనుకున్న రోజుకే అందింది. ఆ సంగతి మీలో ఎవరికీ తెలియలేదు. మా పని సరిగా జరిగినదనడానికి మాకు అంతకంటె నిదర్శనం అక్కరలేదు.